నోరు మెదపని క్లాసులో ఇంగ్లీషు మాట్లాడించడం ఎలా?

తెలుగు మీడియంలో ఇంటర్ దాకా చదివి వచ్చిన పిల్లలకు గ్రామర్ రాదనుకుంటే పొరపాటే. యాక్టివ్ వాయిస్‌ను ప్యాసివ్‌లోకి చకచకా మార్చేస్తారు. "నిన్న సాయంత్రం ఏం చేశావు?" అని ఇంగ్లీషులో అడిగితే మాత్రం తల దించుకుంటారు. పన్నెండేళ్లూ ఇంగ్లీషును రాసి మార్కులు తెచ్చుకున్నారు తప్ప చెవిన పడింది తక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ కోర్సులు ఇంగ్లీషు మీడియంలోకి మారాయి కాబట్టి ఇది ఒక్క ఇంగ్లీషు లెక్చరర్ బాధ కాదు. ఎకనామిక్స్ పాఠం అర్థం కావాలన్నా ఆ చెవే కావాలి.

అరవై మంది ఉన్న క్లాసులో, వారానికి రెండు గంటల ల్యాబ్‌లో నేను పాటించే క్రమం ఇది.

మొదట చెవికి పని పెట్టండి

మొదటి రెండు వారాలు ఎవర్నీ లేపి మాట్లాడమనకండి. రెండు నిమిషాల ఆడియో ఒకటి చాలు. బీబీసీ లెర్నింగ్ ఇంగ్లీష్ వాళ్ల '6 మినిట్ ఇంగ్లీష్' ఎపిసోడ్‌లో ఒక ముక్క తీసుకోవచ్చు. మొదటిసారి వినేటప్పుడు పెన్నులు కింద పెట్టించండి. ఎంతమంది మాట్లాడుతున్నారు, దేని గురించి మాట్లాడుతున్నారు అని మాత్రం అడగండి. రెండోసారి ఒకట్రెండు వివరాలు అడగండి.

అసలు పాఠం మూడోసారి మొదలవుతుంది. అందులోంచి ఒకే ఒక్క వాక్యం తీసుకుని నాలుగైదుసార్లు వినిపించి, వినపడింది వినపడినట్టు రాయమనండి. పక్కవాళ్లతో పోల్చుకున్నాక స్క్రిప్టు చూపించండి. "వాట్ ఆర్ యు గోయింగ్ టు డూ" అన్న వాక్యం ఆడియోలో "వాటయ గొనడూ" అన్నట్టు దొర్లిపోతుంది. స్క్రిప్టు చూడగానే క్లాసంతా "ఓ, ఇదా!" అంటారు. అందులో తెలియని మాట ఒక్కటీ లేదు, తెలియనిదల్లా ఆ మాటల చప్పుడే. ఆ సంగతి పిల్లలకు తెలిసిన రోజున భయం సగం పోతుంది.

కారణం కూడా చెప్పండి. తెలుగులో దాదాపు ప్రతి అక్షరాన్నీ నిండుగా పలుకుతాం. ఇంగ్లీషులో కొన్నిటిని ఒత్తి పలికి మిగతావి మింగేస్తారు. "ఐ కెన్ గో" అన్నప్పుడు కెన్ నలిగిపోయి "క్న్" అవుతుంది. "ఐ కాంట్ గో" అన్నప్పుడు కాంట్ నిలబడి వినిపిస్తుంది. చివర 'ట్' కోసం చెవులు రిక్కించొద్దనీ, ఆ మాట ఒత్తారా లేదా చూడమనీ చెప్పండి. ఫిఫ్టీన్, ఫిఫ్టీ తేడా కూడా ఒత్తులోనే ఎక్కువగా తెలుస్తుంది. ఒత్తిన చోటల్లా బల్ల మీద వేలితో కొట్టించండి. చిన్నపిల్లల ఆటలా కనిపిస్తుంది గానీ బాగా పనిచేస్తుంది.

తర్వాత దానితో పాటే పలికించండి

అదే ఆడియోను, అదే వారంలో, వెనకే పలకమనండి. మన మాటలు ఎక్కువగా అచ్చులతో ముగుస్తాయి. అందుకే బస్ మన నోట బస్సు అవుతుంది, రోడ్ రోడ్డు అవుతుంది. తెలుగులో అవి సరైన మాటలే కాబట్టి వాటిని చూసి ఎవర్నీ నవ్వనివ్వొద్దు. ఇంగ్లీషులో ఆ చివరి 'ఉ' పోవాలంటే ఒక ఉపాయం ఉంది. హల్లును తర్వాతి మాటలోని అచ్చుతో కలిపించండి. "గెట్ అప్"ను "గె-టప్" అని, "స్టాప్ ఇట్"ను "స్టా-పిట్" అని పలికిస్తే ఉకారం దూరడానికి చోటే ఉండదు. లండన్ యాస మనకు అక్కర్లేదు, ఎదుటివాళ్లకు అర్థమైతే చాలు.

మాట్లాడటానికి విషయం ఇవ్వండి

"గ్లోబలైజేషన్ మీద మాట్లాడు" అంటే తెలుగులోనైనా ఎవరూ మాట్లాడలేరు. వాళ్లకు తెలిసి, ఎదుటివాళ్లకు తెలియనిది అడగాలి. క్లాసును ఎదురెదురుగా రెండు వరుసల్లో కూర్చోబెట్టండి. ఒక వరుస రెండు నిమిషాలు చెబుతుంది, ఎదుటి వరుస వింటుంది. తర్వాత వినే వరుస ఒక్కో సీటు జరుగుతుంది. అదే విషయం కొత్త మనిషికి నిమిషంన్నరలో, ఇంకొకరికి నిమిషంలో చెప్పాలి. ఇంగ్లీషు టీచర్లలో ఇది 4-3-2 (నాలుగు, మూడు, రెండు నిమిషాల) పద్ధతిగా పేరుపడింది. నాలుగు నిమిషాలు మనవాళ్లకు మొదట్లో ఎక్కువ, అందుకే తగ్గించాను.

పల్నాడు నుంచి వచ్చిన ఒకమ్మాయి కల్లంలో మిరపకాయలు ఎండబెట్టడం గురించి చెప్పింది. మొదటిసారి 'తాలు కాయలు' దగ్గర ఆగిపోయింది. కాసేపు చున్నీ కొస తిప్పుకుని, "నో కలర్, నో వెయిట్, లో రేట్" అంది. ఎదుటి అబ్బాయికి అర్థమైంది. మూడో మనిషి దగ్గరికి వచ్చేసరికి, "వి టేక్ అవుట్ ది వైట్ వన్స్ ఫస్ట్, బికాజ్ దే బ్రింగ్ డౌన్ ది రేట్" అని ఆగకుండా చెప్పేసింది. మధ్యలో నేను నేర్పింది ఏమీ లేదు. చెప్పిందే మళ్లీ చెప్పే అవకాశం దొరికింది, అంతే.

ఈ పని చేసేటప్పుడు గది సంతలా ఉంటుంది. పక్క క్లాసువాళ్లకు ముందే చెప్పి పెట్టుకోండి.

తప్పులు ఎప్పుడు దిద్దాలి?

మాట్లాడుతుండగా మాత్రం వద్దు. వాక్యం మధ్యలో ఆపితే ఆ పిల్లాడు మళ్లీ నోరు తెరవడు. మీరు వరుసల మధ్య తిరుగుతూ నోట్‌బుక్‌లో రాసుకోండి. చివరి పది నిమిషాల్లో నాలుగైదు వాక్యాలు పేర్లు లేకుండా బోర్డు మీద వేసి, క్లాసు చేతే దిద్దించండి. "ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్" ఏడాదిలో పదిసార్లైనా వస్తుంది. ఒక రోజుకు ఒక రకం తప్పు చాలు.

జామ్‌కు తొందర వద్దు

ప్లేస్‌మెంట్లలో అడుగుతారని మొదటి వారమే జామ్, అంటే 'జస్ట్ ఎ మినిట్' పెట్టేస్తుంటారు. అది 1967లో బీబీసీ రేడియోలో మొదలైన ఆట. తడబడకుండా, ఒకసారి అన్నమాట మళ్లీ అనకుండా, విషయం దాటకుండా నిమిషం మాట్లాడాలి. మాటలే వృత్తిగా ఉన్నవాళ్లు కూడా అందులో దొరికిపోతారు. దాన్ని భయపడే పిల్లల మీద మొదటి రోజే ప్రయోగించడం అన్యాయం. రెండో సెమిస్టర్‌లో పెట్టండి. అప్పుడు కూడా మాట మళ్లీ అనకూడదన్న నియమం తీసేయండి.

ఎదుగుదల వాళ్లకే వినిపించండి

మొదటి వారం ప్రతి ఒక్కరూ "మా ఊరు" గురించి ఒక నిమిషం ఫోన్‌లో రికార్డు చేసి, తేదీతో దాచుకోవాలి. మీరు వినక్కర్లేదు, మార్కులూ వద్దు. పన్నెండో వారంలో అదే విషయం మళ్లీ రికార్డు చేయించండి. అది పూర్తయ్యేదాకా పాతది తెరవనివ్వొద్దు. తర్వాత ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని రెండూ వరసగా వినమనండి. రెండిట్లో తాము ఎన్నిసార్లు ఆగారో ఎవరికి వాళ్లే లెక్కపెట్టుకుంటారు.