గర్భిణుల బీపీ సరిగ్గా చూస్తున్నామా? పీహెచ్‌సీలో ఆడిట్ చేసే పద్ధతి

గర్భిణుల రిజిస్టరులో బీపీ గడి నిండి ఉంటే అంకె వేశారని తెలుస్తుంది. ఎలా చూశారో తెలియదు. గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్ వచ్చే గుర్రపువాతాన్ని ముందే పసిగట్టడానికి పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) మనకున్న ఆధారాలు ఆ అంకె, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష. ఆడిట్‌కి కొత్తవారు ఇరవై అంశాలు నెత్తికెత్తుకోకుండా ఈ ఒక్కదానితో మొదలుపెట్టాలి.

ముందు రిజిస్టరు పట్టుకోండి. ఏరుకోకుండా, వరసగా చివరి 100 రీడింగులు తీసి పై బీపీ చివరి అంకె లెక్కపెట్టండి. డయల్ మిషన్‌లో గీతలు 2 మి.మీ.కి ఒకటి కాబట్టి సున్నాతో ముగిసేవి సుమారు 20 ఉండాలి. డిజిటల్ మిషన్ అయితే సుమారు 10. అరవై, డెబ్బై కనిపిస్తే దగ్గరి పదికి సర్దేస్తున్నారన్నమాట. దానివల్ల నష్టం చిన్నది కాదు. 112, 118, 124 అని నెలనెలా ఎక్కుతున్న బీపీ కాస్తా 110, 120, 120గా మారి నిలకడగా కనిపిస్తుంది. వరసగా పదిమందికి 110/70 ఉంటే అసలు కఫ్ చుట్టారా అని అడగాల్సిందే.

తర్వాత మిషన్. గాలి లేనప్పుడు ముల్లు సున్నా మీద ఉండాలి. కఫ్‌ని గట్టి డబ్బాకి చుట్టి 200 దాకా కొట్టి వాల్వు బిగించండి. నిమిషంలో 4 మి.మీ. కంటే ఎక్కువ పడితే ఎక్కడో లీకుంది. ఆరు నెలలకోసారి, సరైనదని తేలిన మిషన్‌తో పోల్చి చూసి, తేడా 3 మి.మీ. దాటితే రిపేరుకి పంపండి. చేతి చుట్టుకొలత 27–34 సెం.మీ. ఉంటే మామూలు కఫ్, 22–26 ఉంటే చిన్నది, 34 దాటితే పెద్దది వాడాలి. లావు చేతికి ఇరుకు కఫ్ చుడితే బీపీ ఎక్కువ చూపిస్తుంది. సన్నటి చేతికి వెడల్పు కఫ్ చుడితే తక్కువ చూపిస్తుంది; మనకి ప్రమాదం ఈ రెండోదే, పెరిగిన బీపీ కంటపడకుండా జారిపోతుంది.

ఇక అసలు పని, పక్కన నిలబడి చూడడం. ప్రతి నెలా 9న పీఎంఎస్‌ఎంఏ (గర్భిణులకి ఉచిత పరీక్షలు చేసే ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్) రద్దీలో పదిహేను, మామూలు ఓపీ రోజున పదిహేను రీడింగులు చూడండి. ఎవరైనా చూస్తున్నారంటే చెయ్యి జాగ్రత్తపడుతుంది కాబట్టి మొదటి మూడు నాలుగూ లెక్కలోంచి తీసేయండి. చూడాల్సినవి ఇవి: ఐదు నిమిషాలు కూర్చోబెట్టారా, వీపుకి ఆనిక ఉందా, పాదాలు నేలకి ఆనాయా, చెయ్యి గుండె ఎత్తున ఉందా, కఫ్ జాకెట్టు చేతి మీద చుట్టారా ఒంటి మీద చుట్టారా, గాలి సెకనుకి 2 మి.మీ. చొప్పున వదిలారా, మాట్లాడించకుండా ఉంచారా, నిమిషం ఆగి రెండోసారి చూశారా.

ఫలితాలు పట్టికలో వేయండి: నిలువు వరసల్లో బీపీ చూసే మనుషులు, అడ్డ వరసల్లో పైన చెప్పిన మెట్లు. పేర్లొద్దు, ఏ, బీ, సీ చాలు. ఒక అడ్డ వరస అంతటా తప్పులే ఉంటే లోపం మనుషులది కాదు. వరండాలో వేసినవి వీపు ఆనిక లేని బెంచీలైతే ఎవరు మాత్రం ఆనించి కూర్చోబెడతారు? అక్కడ కావాల్సింది కుర్చీ, ట్రైనింగ్ కాదు. ఒక నిలువు వరసలోనే తప్పులుంటే ఆ మనిషికి మళ్లీ నేర్పాలి. రద్దీ రోజునే తప్పులు పెరిగితే టోకెన్ల వారీగా పిలిచే ఏర్పాటు మార్చాలి. ఈ మూడింటినీ కలిపేసి అందరికీ ఒక క్లాసు పెట్టేయడమే మనదగ్గర ఎక్కువగా జరిగే పొరపాటు. ఈ పట్టిక చూపించి మెమో ఇచ్చారో, వచ్చే నెల రిజిస్టరు అందంగా ఉంటుంది, పని మాత్రం మారదు.

హౌస్ సర్జన్లు, కొత్త స్టాఫ్ నర్సుల నైపుణ్యం లాగ్‌బుక్ సంతకంతో తేలదు. 1990లో వైద్య విద్యా నిపుణుడు మిల్లర్ చెప్పిన నాలుగు మెట్లలో తెలియడం అడుగున ఉంటుంది, నిజంగా పని చేయడం పైన ఉంటుంది. రాతపరీక్ష అడుగు మెట్లు దాటదు. ఇద్దరు వినే స్టెతస్కోప్‌తో మీరూ వారూ ఒకేసారి వినండి. ఎవరి అంకె వారు విడిగా రాసుకోవాలి. తేడా 4 మి.మీ. లోపుంటే సరే. దాటితే అక్కడికక్కడే ఐదు నిమిషాలు కూర్చుని ఏం జరిగిందో మాట్లాడండి. సాయంత్రం చెప్తే సగం పోతుంది.

బీపీ 160/110 చేరినా, ఫిట్స్ వచ్చినా ఏం చేస్తారో డ్రిల్ పెట్టి గడియారం చూడండి. ఫిట్స్‌ని ఆపే మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు 10 గ్రాములు: 50 శాతం మందున్న 2 మి.లీ. ఆంపూల్‌లో 1 గ్రాము ఉంటుంది కాబట్టి పది ఆంపూళ్లు, పిరుదుకి ఐదేసి, లోతుగా కండలోకి. ఎక్కువగా తప్పేది ఇక్కడే: ఆంపూళ్లు రెండో మూడో ఉంటాయి, లేదా 10 మి.లీ. సిరంజి దొరకదు. విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ అదే ట్రేలో ఉండాలి.

లోపానికి తగ్గట్టు ఒక్క మార్పు చేసి, మూడు నెలలకి అదే సంఖ్యలో, అదే రకం రోజుల్లో మళ్లీ కొలవండి. గోదావరి లంక గ్రామాలున్న పీహెచ్‌సీలు డ్రిల్‌ని జూన్‌లోనే ముగించుకోవాలి. వరదకి రేవులో పంటు ఆగితే కాకినాడ జీజీహెచ్‌కైనా (ప్రభుత్వ పెద్దాసుపత్రికైనా), అమలాపురానికైనా ప్రయాణం గంటలు పడుతుంది. ఆ మొదటి డోసు పడవెక్కకముందే పడాలి.