లక్షద్వీప్‌ను బడి ఆవరణలో గీసి, చేసి నేర్పడం ఎలా?

లక్షద్వీప్ పాఠం అనగానే కొన్ని బడుల్లో పిల్లలకు కొబ్బరాకుల వేషాలు కట్టి డాన్సు చేయిస్తారు. దాంతో ఆ దీవుల గురించి ఏమీ తెలియదు. అక్కడి బతుకును నడిపేవి రెండు కొలతలు: దీవి ఎంత చిన్నది, అవతలి ఒడ్డు ఎంత దూరం. ఆ రెండూ పిల్లల కాళ్లకూ చేతులకూ తెలిస్తే నీళ్లు, తాడు, భాష వాటంతటవే అర్థమవుతాయి. 6 నుంచి 9 తరగతుల దాకా పనికొచ్చే మూడు పనులు ఇవి. పటంతోనే మొదలుపెట్టండి, మిగతా రెండూ దాని మీదే ఆధారపడతాయి.

మొదటి పని: నేల మీద పటం

కావలసినవి ముగ్గుపిండి, కొలత టేపు, నూలుతాడు, అట్లాసు. ఒక డిగ్రీకి ఒక మీటరు. అంటే నేల మీద మీటరు సముద్రంలో సుమారు 111 కిలోమీటర్లు.

1. తూర్పు పడమరలుగా 6 మీటర్లు, ఉత్తర దక్షిణాలుగా 5 మీటర్ల గళ్లు గీయండి. ఎడమ కింది మూల 7 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 71 డిగ్రీల తూర్పు రేఖాంశం. మూలమట్టం తప్పితే దీవులన్నీ పక్కకు ఒరుగుతాయి. తాడుతో 3, 4, 5 మీటర్ల త్రిభుజం వేసి సరిచూసుకోండి.

2. ఆ మూల నుంచి ముందు తూర్పుకి, తర్వాత ఉత్తరానికి ఇలా కొలవండి. కవరత్తి: 1.63, 3.57 మీటర్లు. కల్పేని: 2.65, 3.08. మినికాయ్: 2.05, 1.28. బిత్ర: 1.18, 4.60. కొచ్చి: 5.27, 2.97. మాల్దీవుల ఉత్తర కొస: 1.90, 0.10. జనం ఉండే దీవులు పది, మిగిలినవాటిని పిల్లలే అట్లాసు చూసి పెట్టాలి.

ఎక్కువమంది తప్పేది నిమిషాల దగ్గర. కవరత్తి అక్షాంశం 10 డిగ్రీల 34 నిమిషాలు. డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి 34 నిమిషాలంటే 57 సెంటీమీటర్లు. పిల్లలు 34 సెంటీమీటర్లే కొలిచేస్తారు. దీవి 25 కిలోమీటర్లు దక్షిణానికి జరిగిపోతుంది!

3. ఇప్పుడు దీవులు పెట్టండి. ఆండ్రోత్ చిన్నపిల్లల చిటికెన వేలంత, బిత్ర ఒక కందిగింజంత. అంతకంటే పెద్దది పెట్టనివ్వకండి. కింద పెట్టిన కందిగింజ వెతుక్కోవలసి రావడమే ఈ పనిలో అసలు పాఠం.

4. మినికాయ్ నుంచి రెండు వైపులా తాడు లాగి కొలవండి. కల్పేనికి 1.90 మీటర్లు, మాల్దీవులకు 1.20 మీటర్లు. మిగతా దీవుల్లో మలయాళం వినిపిస్తుంటే మినికాయ్‌లో మహల్ అనే భాష ఎందుకు మాట్లాడతారో, మాల్దీవుల్లోలాగే కుడి నుంచి ఎడమకు రాసే తానా లిపి ఎందుకు వాడతారో ముందు పిల్లల్నే చెప్పనివ్వండి.

రెండో పని: ఉప్పు సముద్రంలో మంచినీళ్ల బావి

ఈ దీవుల్లో నదుల్లేవు. వాననీరు పగడపు ఇసుకలోకి ఇంకి, బరువైన ఉప్పునీటి మీద పలచని పొరలా తేలుతుంది. బావుల్లోకి వచ్చేది ఆ నీరే.

సుమారు 40 సెంటీమీటర్ల పొడవున్న పారదర్శకమైన తొట్టె తీసుకోండి. తెల్లని ఇసుకను నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, తడిగా ఉండగానే మధ్యలో 12 సెంటీమీటర్ల ఎత్తు దిబ్బ వేయండి. దిబ్బ ముందు గోడకూ వెనక గోడకూ ఆనాలి, లేకపోతే లోపల జరిగేది కనబడదు. లీటరుకు 35 గ్రాముల ఉప్పు కలిపిన నీటిని తొట్టె మూల నుంచి నెమ్మదిగా, 8 సెంటీమీటర్ల మట్టం వచ్చేదాకా పోయండి.

నీలం ఫుడ్ కలర్ కలిపిన మంచినీళ్లే వాన. సీసా మూతకు సూదితో చిల్లులు పొడిచి దిబ్బ నెత్తి మీద పది నిమిషాలపాటు చినుకులుగా రాల్చండి. నీలం కిందికి దిగి, మధ్యలో లావుగా, అంచుల్లో పలచగా కటకంలా నిలుస్తుంది. మూడింట రెండు వంతుల లోతుకు దిగగానే ఆపేయండి, లేకపోతే అడుగంటి కటకం ఆకారం పోతుంది. గబగబా పోస్తే దిబ్బ కోసుకుపోతుంది. ఇసుక మరీ సన్ననిదైతే నీరు ఇంకకుండా పైనుంచే జారిపోతుంది.

తర్వాత దిబ్బ మధ్యలో సన్నని గొట్టం దింపి, సిరంజితో మెల్లగా 5 మిల్లీలీటర్లు లాగండి: చిక్కని నీలం. ఇప్పుడు వేగంగా 20 మిల్లీలీటర్ల చొప్పున లాగుతూ పోండి. రంగు వెలిసిపోతుంది. కిందనున్న ఉప్పునీరు పైకి ఎగదన్నుతోందన్నమాట. దీవి బావిలో మోటారు పెట్టి తోడితే వచ్చే ముప్పు ఇదే. 2005లో కవరత్తిలో సముద్రపు నీటి నుంచి రోజుకు లక్ష లీటర్ల మంచినీరు తీసే ప్లాంటు ఎందుకు కట్టారో ఆ సిరంజి చూశాక వేరే చెప్పక్కర్లేదు.

మూడో పని: పీచుతాడు

దీవుల్లో కొబ్బరి డొక్కల్ని నెలల తరబడి లగూన్ (దీవిని ఆనుకుని ఉండే లోతు తక్కువ ఉప్పునీటి మడుగు) ఒడ్డున గుంతల్లో నానేసి, ఆడవాళ్లు పీచు తీసి తాడు పేనేవారు. బడిలో అంత వ్యవధి ఉండదు, పీచు కొనుక్కోవడమే మేలు. మనకు కోనసీమ పీచు దొరుకుతుంది.

పీచు దులిపి, నీళ్లు చిలకరించండి, పొడిగా ఉంటే అరచేతులు ఒరుసుకుపోతాయి. పెన్సిలంత లావు పేటలు రెండు తీసుకుని, విడివిడిగా కుడివైపుకు పురి ఎక్కించండి. పేట వదులు చేస్తే దానంతటదే మెలిక పడాలి, అప్పటికి పురి చాలినట్టు. ఇప్పుడు రెండింటినీ కలిపి ఎడమవైపుకు చుట్టండి. పేటలు విడిపోవాలని చూసే కొద్దీ ఒకదాన్నొకటి బిగిస్తాయి. రెండుసార్లూ ఒకే వైపు తిప్పితే చెయ్యి తీయగానే తాడంతా విప్పుకుంటుంది. కొత్త పీచు కలిపేటప్పుడు 10 సెంటీమీటర్లు పాతదాని మీదికి రానివ్వండి, రెండు పేటల అతుకులూ ఒకేచోట పడకుండా చూడండి.

ఒకప్పుడు దీవులవాళ్లు ఈ తాడిచ్చి అవతలి ఒడ్డు నుంచి బియ్యం తెచ్చుకునేవారు. ఇద్దరిద్దరు పిల్లలు 30 సెంటీమీటర్ల చొప్పున పేనితే, ముక్కలన్నీ ముడివేసి పటం మీద పరవండి. కవరత్తి నుంచి కొచ్చికి 3 మీటర్ల 69 సెంటీమీటర్ల తాడు కావాలి.