ముక్కు మీద ఆకుపచ్చ గీసినా ముఖం చెడకుండా వేయడం ఎలా

రంగుల రూల్స్ అన్నీ పక్కన పెట్టి మొదటిసారి అమ్మ బొమ్మ వేసి చూపిస్తే, "ఏంట్రా, హోలీ ఆడొచ్చానా?" అంది. నవ్వొచ్చింది కానీ తప్పెక్కడుందో తెలియడానికి చాలా రోజులు పట్టింది.

ఫ్రెంచ్ చిత్రకారుడు మాటిస్ 1905లో తన భార్య ముఖం వేశాడు, 'ఆకుపచ్చ గీత' అంటారు దాన్ని. నుదుటి నుంచి ముక్కు మీదుగా కిందికి పచ్చటి పట్టీ, ఒక చెంప పసుపు, ఇంకోటి గులాబీ. (పసుపు చెంప మనకేమీ వింత కాదు, ప్రతి పెళ్లిలో చూసేదే.) అదే ఏడాది పారిస్‌లో మాటిస్, అతని స్నేహితుల బొమ్మలు చూసి లూయీ వోసెల్ అనే విమర్శకుడు వీళ్లని 'ఫోవ్'లు, అంటే 'అడవి మృగాలు' అన్నాడు, ఆ పేరే ఉండిపోయింది. అయినా ఆ ముఖం ముఖంలాగే ఉంటుంది, ఎందుకంటే వెలుగు చెంప, నీడ చెంప కలిసే చోటే ఆ పచ్చ పడింది. రంగు అబద్ధమే, వెలుగునీడలు మాత్రం నిజం. నా బొమ్మలో లేనిది అదే.

కాబట్టి బొమ్మ వేయబోయే మనిషిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఒకవైపు నుంచే వెలుగు పడేలా ఫొటో తీయండి. ఫోన్లోనే బ్లాక్ అండ్ వైట్ చేసి, కాన్వాస్ మీద పెన్సిల్‌తో మూడు భాగాలు గీయండి: వెలుగు, మధ్యస్థం, నీడ. ఇప్పుడు ఒంటిరంగు ట్యూబ్ ఉంటే దాచేయండి. వెలుగుకి లెమన్ యెల్లో, తెలుపు కలిపిన గులాబీ. మధ్యస్థానికి ఎరుపు, ఆకుపచ్చ. నీడకి అల్ట్రామెరీన్ నీలం, ఊదా. ఆ భాగంలో ఆ గుంపు రంగు ఏదైనా సరే, కానీ గుంపు దాటొద్దు. నీడలో పసుపు పెట్టాలని సరదా పడకండి, ముదురు చేద్దామని నలుపు కలిపితే ఆలివ్ పచ్చ అయిపోతుంది.

అసలు మజా ఎరుపు, పచ్చల దగ్గర. రెండూ ఒకే ముదురులో పక్కపక్కన పెడితే ఆ అంచు కళ్ల ముందు అదురుతున్నట్టు ఉంటుంది, కాబట్టి దాన్ని దవడ కిందో చెవి పక్కనో ఒక్క చోటే వాడండి, ముఖమంతా అదిరితే చూసేవాళ్లకి తలనొప్పి. తడి మీద తడి మాత్రం వద్దు, రెండూ కలిసి బురద రంగే మిగులుతుంది. ఒకటి ఆరాక రెండోది వేయండి, లేదంటే మధ్యలో సన్నగా తెల్ల కాన్వాస్ వదిలేయండి. 1905 ఎండాకాలంలో ఫ్రాన్స్‌లోని కొలియూర్ అనే సముద్రతీర ఊళ్లో మాటిస్, అతని చిత్రకార స్నేహితుడు డెరైన్ కూడా చాలా చోట్ల అలాగే వదిలారు.

మధ్యమధ్యలో బొమ్మని ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లో చూసుకోండి. ముక్కు మాయమైందా? రంగు మార్చకండి, అదే రంగులో కొంచెం తెలుపు కలపండి.

రెండోసారి అమ్మకి ఊదా చెంప, పచ్చ మెడ పెట్టాను. చాలాసేపు చూసి, "చెవికి కమ్మ మర్చిపోయావు" అంది.