పాత కారు మరమ్మతులో చిక్కుపడితే సలహా అడగడం ఎలా?

"బండిలో ఏదో శబ్దం వస్తోంది" అని మాత్రమే చెబితే ఎంతటి అనుభవజ్ఞుడైన మెకానిక్ అయినా ఊహించడం తప్ప చేయగలిగిందేమీ ఉండదు. మోడల్, తయారైన సంవత్సరం, ఇంజిన్ రకం, తిరిగిన కిలోమీటర్లు, ఇదివరకు మార్చిన భాగాలు ముందే రాసిపెట్టుకోవాలి. ఒకే మోడల్‌లోనూ మధ్యలో భాగాలు మారుతుంటాయి కాబట్టి ఛాసిస్ నంబరు కూడా దగ్గర ఉంచుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యం, లోపం ఎప్పుడు బయటపడుతోందన్నది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ పొగను బయటికి చేర్చే గొట్టాల భాగం) వైపు నుంచి టిక్‌టిక్‌మని వినిపించి, వేడెక్కాక తగ్గిపోతే, లోహం వ్యాకోచించి సందు మూసుకుంటోందని, గాస్కెట్ (అతుకు దగ్గర పొగ కారకుండా మధ్యలో వేసే పలక) దెబ్బతినడమో స్టడ్ (దాన్ని బిగించే తల లేని బోల్టు) విరగడమో జరిగి ఉండవచ్చని వినేవారు గ్రహిస్తారు. ఆ శబ్దాన్ని ఫోన్‌లో రికార్డు చేసి వినిపిస్తే ఇంకా మేలు.

తుప్పుపట్టిన నట్టు కదలకపోతే, బలం పెంచకముందే అడగాలి. తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా వదిలేయమనీ, ఆపై కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పమనీ సాధారణంగా చెబుతారు. వేడిచేయమంటే మాత్రం దగ్గర్లో పెట్రోలు గొట్టాలు, వేసిన నూనె ఉన్నాయని గుర్తుచేయాలి. విరిగిన స్టడ్‌ను తీయబోయి ఎక్స్‌ట్రాక్టర్ (విరిగిన ముక్కను పట్టి తిప్పి తీసే పనిముట్టు) కూడా లోపలే విరిగితే, ఆ గట్టి ఉక్కు మామూలు డ్రిల్ బిట్‌కు లొంగదు. అప్పుడు పని మెషిన్ షాపుకు (లోహపు భాగాలను యంత్రాలతో సరిచేసే చోటికి) చేరినట్టే.

వెంటనే తీర్పు చెప్పేవారికంటే తిరిగి ప్రశ్నలు వేసేవారినే నమ్మవచ్చు. బిగింపు టార్క్ (నట్టు, బోల్టులను ఎంత బలంతో తిప్పి బిగించాలన్న కొలత) విలువలను మాత్రం ఎవరి నోటిమాటపైనా ఆధారపడకుండా ఆ కారు సర్వీస్ మాన్యువల్‌లోనే చూసుకోవాలి.