పీల్చిన గాలి లెక్కలు – 3వ పాఠం: సగం దిగడానికి ఎంతసేపు?

నీళ్లలో ఇట్టే కరిగే అమోనియా ముక్కు, గొంతు దగ్గరే మంట పుట్టించి దొరికిపోతుందని, అంతగా కరగని నైట్రోజన్ డయాక్సైడ్ మాత్రం పెద్దగా చప్పుడు చేయకుండా ఊపిరితిత్తుల అడుగుదాకా దిగిపోతుందని పోయిన పాఠంలో చూశాం. మరి రక్తంలోకి ఎక్కినది ఎప్పుడు దిగుతుంది? ఇవాళ ఆ లెక్క.

కాగితం, పెన్ను తీసుకోండి. కార్బన్ మోనాక్సైడ్‌తో మొదలుపెడదాం. ఇది హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది, అలాగని అతుక్కుపోయి ఉండిపోదు. మంచి గాలిలోకి వచ్చి మామూలుగా ఊపిరి తీసుకుంటుంటే దాదాపు 5 గంటలకు సగం వదిలేసి, వదిలినది ఊపిరితోనే బయటికి పోతుంది. ఈ సగమయ్యే సమయమే అర్ధాయువు. ఒకరి రక్తంలో 24 శాతం హిమోగ్లోబిన్ దాని గుప్పిట్లో ఉందనుకోండి. 5 గంటలకు 12, 10 గంటలకు 6, 15 గంటలకు 3.

ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు, మొదట్లో నేనూ వేశాను: 5 గంటల్లో 12 పోయింది కదా, ఇంకో 5 గంటల్లో మిగతా 12 కూడా పోతుందిలే అనుకుంటాం. పోదు. ప్రతిసారీ పోయేది మిగిలినదాంట్లో సగమే. మాస్కు పెట్టి నూరు శాతం ఆక్సిజన్ ఇస్తే అర్ధాయువు గంట, గంటంబావుకు పడిపోతుంది. ఆసుపత్రిలో ముందు ఆక్సిజన్ పెట్టేది అందుకే. (లెక్క వచ్చింది కదా అని ఇంట్లో కూర్చుని గంటలు లెక్కపెట్టొద్దు, అది వేరే సంగతి.)

థిన్నర్లలో ఉండే టొలీన్ ఇంత బుద్ధిగా లెక్కకు లొంగదు. రక్తంలో ఉన్నది త్వరగానే తగ్గుతుంది: కొంత ఊపిరితో పోతుంది, ఎక్కువ భాగాన్ని కాలేయం హిప్యూరిక్ ఆమ్లంగా మార్చి మూత్రంలోకి పంపుతుంది. కానీ కొవ్వులో చేరినది అప్పు తీర్చేవాడిలా కొంచెం కొంచెంగా మళ్లీ రక్తంలోకి వస్తుంటుంది. గ్రాఫు గీస్తే మొదట నిటారుగా పడి, తర్వాత పొడుగాటి తోక కనిపిస్తుంది. అంటే ఒక్క అర్ధాయువుతో పని జరగదు, తోకకు వేరేది కావాలి.

ఇంకా తిరకాసుది, కొన్ని రంగులు గీకే ద్రావకాల్లో వాడిన మిథిలీన్ క్లోరైడ్. దీన్ని కాలేయం కార్బన్ మోనాక్సైడ్‌గా మారుస్తుంది! మనిషి బయటికొచ్చి మంచి గాలి పీలుస్తున్నా లోపల తయారీ నడుస్తూనే ఉంటుంది.

ఇప్పుడు మీ వంతు. పొగలోంచి బయటపడ్డ మనిషికి ఉదయం 8 గంటలకు 16 శాతం ఉంది, మామూలు గాలే పీలుస్తున్నాడు. 2 శాతానికి ఎప్పుడు దిగుతుంది? రాత్రి 11 అని వస్తే లెక్క పట్టుబడినట్టే. అదే 16 శాతం మిథిలీన్ క్లోరైడ్ వల్ల వచ్చి ఉంటే 11 కంటే ముందా, తర్వాతా? ఎందుకో ఒక్క వాక్యంలో రాసి పెట్టుకోండి, 4వ పాఠం అక్కణ్నించే మొదలవుతుంది.