చేతికుట్టు తోలు సంచి – మూడో పాఠం: అస్తరు వంచి అతికించాలి

పోయిన పాఠంలో అట్ట నమూనా పెట్టి పై తోలు కత్తిరించుకున్నాం. 10 అంగుళాల వెడల్పు, 23 అంగుళాల పొడుగు, ఒకటే ముక్క. అందులో ముందు భాగం 8, వెనక 8, మూత 7. లోపలివైపు 8 దగ్గర ఒకటి, 16 దగ్గర ఒకటి పెన్సిల్‌తో మడత గీతలు గీసి పెట్టారు కదా, ఈరోజు పనంతా ఆ రెండు గీతల దగ్గరే.

అస్తరుకి, అంటే సంచి లోపలివైపు వేసే పొరకి, ఒక పాఠమంతా ఎందుకంటే, కుట్టు వంకరైతే విప్పి మళ్ళీ వేసుకోవచ్చు. అస్తరు తప్పుగా అతికితే మాత్రం ఊడదీసేటప్పుడు పై తోలు కూడా సాగి పాడవుతుంది.

ముందు కొనడం. చెన్నైలో ఉన్నవాళ్ళకి సెంట్రల్ స్టేషన్‌కి దగ్గర్లోని పెరియమేట్ ఉండనే ఉంది. గొర్రె తోలు అస్తరు 0.7 మి.మీ. మందంలో అడగండి. తోలు చదరపు అడుగుల లెక్కన అమ్ముతారు. వెనకవైపు రాసిన అంకె చూసుకోవాలి. 5 పక్కన పైన చిన్న 2 ఉంటే 52 కాదు, అయిదూ రెండు పావులు, అంటే అయిదున్నర అడుగులు. మనకి కావలసింది రెండు చదరపు అడుగులలోపే, కానీ 24 అంగుళాల పొడుగు ఒకే ముక్కలో రావాలి. అందుకే నమూనా అట్ట వెంట తీసుకెళ్ళి తోలు మీద పరిచి చూసుకోండి. పొట్ట వైపు తోలు వదులుగా సాగుతుంది, వెన్ను వైపు నుంచే ముక్క తీయండి.

దొరికితే ఈస్టిండియా తోలు అడగండి. బెరడుతో పదును చేసిన తోలు అది. వెనకటి రోజుల్లో ఆ బెరడు మన తంగేడు చెట్టుదే, చివర్లో కరక్కాయ నీళ్ళు పట్టించేవారు. బతుకమ్మలో పేర్చే ఆ పసుపు పూల చెట్టు బెరడే మద్రాసు తోలుకి పేరు తెచ్చిందని తెలిసినప్పటి నుంచి ఆ తోలంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం.

బట్ట అస్తరు వేయొచ్చా? వేయొచ్చు. కలంకారీ, మంగళగిరి నూలు రెండూ అందంగా ఉంటాయి. ముందు ఉతికి ఆరేసి ఇస్త్రీ చేయాలి. అయితే పల్చటి బట్టలోంచి సొల్యూషన్ (అతికించే జిగురు) బయటికి ఊరి మరకవుతుంది. మొదటి సంచికి గొర్రె తోలే వాడండి.

ఇప్పుడు అసలు సంగతి. ఏదైనా పాత పుస్తకం తీసుకుని సగానికి వంచండి. పేజీల అంచులు మెట్లు మెట్లుగా జరుగుతాయి. లోపలి పేజీ తిరిగే దూరం తక్కువ, బయటి పేజీ తిరిగేది ఎక్కువ. తోలూ అస్తరూ అంతే. పై తోలు 1.5, అస్తరు 0.7 మి.మీ. అయితే, ఒకదాని మందం నడిమి నుంచి ఇంకోదాని మందం నడిమికి 1.1 మి.మీ. పూర్తిగా వెనక్కి తిరిగే ఒక్కో మడతకి తేడా 3.14 × 1.1, సుమారు మూడున్నర మి.మీ. మడత ఇరుకైనా, గుండ్రంగా వెడల్పుగా ఉన్నా ఈ లెక్క మారదు. మన సంచికి రెండు మడతలు, కాబట్టి మొత్తం 7 మి.మీ. అస్తరు అంత పొట్టిగా ఉండాలి.

ఇది తెలియక నేను అక్క కోసం చేసిన మొదటి సంచిని బల్ల మీద చదునుగా పరిచి, రెండూ సమానంగా కోసి అతికించాను. మడవగానే ఆ 7 మి.మీ. ఎక్కడికి పోవాలో తెలియక మడతల దగ్గర గట్లు గట్లుగా లేచింది. పెన్ను పెట్టినా, తాళంచెవి పెట్టినా ఆ గట్లకే తగిలేది, నెలకల్లా అక్కడ అతుకు వదిలేసింది. అది పట్టుకుని పెరియమేట్‌లో ఒక పెద్దాయనకి చూపించాను. గుడియాత్తం వైపు తెలుగాయన. సంచి లోపల వేలు పెట్టి తడిమి, “ముందే కొలిచి కోశావా? వంచి అతికించమ్మా, మిగిలింది తర్వాత కొయ్యి” అన్నారు. నేనిప్పటికీ చేసేది అదే.

కాబట్టి అస్తరుని చుట్టూ అర అంగుళం పెద్దదిగా, అంటే 11 × 24గా కోయండి. లోపలి జేబు ఉంటే ఇప్పుడే అస్తరు మీద కుట్టేయండి, అతికించాక కుడితే ఆ కుట్టు బయటికి కనబడుతుంది. కిటికీలు తెరవండి, పొయ్యి ఆర్పేయండి, సొల్యూషన్ ఆవిరికి నిప్పంటుకుంటుంది.

మొదట వెనక భాగం, రెండు గీతల మధ్యది. తోలుకీ అస్తరుకీ రెండింటికీ పల్చగా పూసి పది, పదిహేను నిమిషాలు ఆగండి. వేలు పెట్టి తీస్తే తీగ సాగకూడదు. చెన్నైలో ఐప్పసి, కార్తీక వానల్లో (అక్టోబరు నడిమి నుంచి డిసెంబరు నడిమి దాకా) మాత్రం ఈ పని పెట్టుకోకండి, ఆరుతున్న జిగురు మీద చెమ్మ చేరితే అతుకు పట్టదు. ఆరాక నడిమి నుంచి అంచులకి నొక్కండి.

తర్వాత ముందు భాగానికి పూయండి. ఆరాక రెండింటి మధ్య బటర్ పేపర్ పెట్టండి, లేకపోతే తాకినచోటే పట్టుకుంటుంది. గీత దగ్గర అస్తరు మీద అప్పడాల కర్ర అడ్డంగా పెట్టి, తోలుని దాని మీదుగా పూర్తిగా వెనక్కి వంచండి. అస్తరు కర్రకి ఆనుకుని ఉండాలి, లాగి బిగించకూడదు. అలా వంచి పట్టుకునే, బటర్ పేపర్‌ని కొంచెం కొంచెంగా జారుస్తూ మడత నుంచి అంచు వైపు నొక్కుకుంటూ పోండి. మూతకీ ఇదే పద్ధతి. తోడు ఎవరైనా కర్ర పట్టుకుంటే పని సులువు.

రాత్రంతా మడిచే ఉంచండి. పొద్దున స్కేలు పెట్టి చూడండి. పక్క అంచుల్లో అస్తరు మీరు వదిలిన అర అంగుళమే, అంటే 13 మి.మీ. కనబడుతుంది. ముందు అంచులోనూ, మూత అంచులోనూ 16 దాకా వస్తుంది. ఆ ఎక్కువే మన మూడున్నర. కొత్త బ్లేడుతో తోలు అంచు వెంటే మిగులు కోసేయండి. ఇక సంచిని బల్ల మీద చదునుగా పరచబోకండి, మడతల దగ్గర అస్తరు బిగుసుకుని ఊడుతుంది. వచ్చే పాఠంలో కన్నాలు కూడా మడత విప్పకుండానే వేద్దాం.