తెరమీద తెలుగు చెదిరినప్పుడు

ఒక ఫైలు తెరవగానే తెలుగు ఉండవలసిన చోట ఖాళీ గళ్ళో, ప్రశ్నార్థకాలో, పొంతన లేని ఇంగ్లీషు అక్షరాలో కనబడితే చాలామంది ముందు దాన్ని మూసి మళ్ళీ తెరుస్తారు, తరువాత ఫాంట్లు మార్చి చూస్తారు, చివరికి ఏమీ తోచక సేవ్ నొక్కి బయటికి వస్తారు. మొదటి రెండింటివల్ల నష్టమేమీ లేదు గానీ మూడోది మాత్రం చేయకూడదు. అప్పటివరకు తెరమీద మాత్రమే చెదిరిన అక్షరం, సేవ్ నొక్కిన తరువాత ఫైలులోనే చెదిరిపోయే అవకాశం ఉంది. కాబట్టి మొట్టమొదట ఆ ఫైలుకు ఒక నకలు తీసి పక్కన పెట్టుకోవాలి. ఆ తరువాత చేసే ప్రయోగాలన్నీ నకలు మీదే చేయాలి.

ఇలాంటి సందర్భంలో కంప్యూటర్లు బాగా తెలిసిన మిత్రుల గుంపులో అడిగితే సలహాలకు కొదవ ఉండదు. విండోస్ మళ్ళీ వేయించుకోమని ఒకరు, లినక్సుకు మారిపొమ్మని ఒకరు, తాము వాడే ఫాంటు దించుకోమని ఇంకొకరు చెబుతారు, ఆ తరువాత చర్చ ఇన్‌స్క్రిప్టు మేలా ఆర్‌టీఎస్ మేలా అన్న టైపింగు పద్ధతుల పాత వాదనలోకి వెళ్ళిపోతుంది. వాళ్ళు మంచి మనసుతోనే చెబుతారు, కానీ అక్షరం ఏ రూపంలో చెదిరిందో చూడకుండా చెప్పిన మందు చీకట్లో విసిరిన రాయి వంటిది. చెదిరిన రూపాన్ని జాగ్రత్తగా చూస్తే కారణం దాదాపుగా అక్కడే తెలిసిపోతుంది.

ఖాళీ గళ్ళు కనిపిస్తే అది అన్నిటికన్నా తేలికైన కేసు. ఫైలులో తెలుగు భద్రంగా ఉంది, దాన్ని చూపించే ఫాంటు మాత్రం ఆ యంత్రంలో లేదు. విండోస్ ఎక్స్‌పీ కాలంలో కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్ళి సంక్లిష్ట లిపుల మద్దతును ప్రత్యేకంగా వేసుకుంటే తప్ప గౌతమి ఫాంటు ఉన్నా అక్షరాలు సరిగా కుదిరేవి కావు. విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ అనే ఫాంటు వ్యవస్థతోపాటే వస్తోంది కనుక ఈ బాధ బాగా తగ్గింది. గౌతమి, వాణి ఫాంట్లతో చేసిన పాత పత్రం విండోస్ 10లోనో 11లోనో వేరే రూపంలో కనబడితే, సెట్టింగ్స్‌లోని ఆప్షనల్ ఫీచర్స్ నుంచి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అన్నదాన్ని వేసుకుంటే అవి తిరిగి వస్తాయి. లినక్సులో నోటో లేదా లోహిత్ తెలుగు ఫాంటు ఒక్కటి ఉంటే చాలు.

రెండో రూపం ఎక్కువ మందిని భయపెడుతుంది గానీ, నిజానికి భయపడవలసినంత ప్రమాదం అందులో లేదు. నెత్తిన చిన్న గీత ఉన్న ఇంగ్లీషు ‘ఎ’ అక్షరం, దాని పక్కన ఒకసారి డిగ్రీ గుర్తు, ఒకసారి ప్లస్-మైనస్ గుర్తు, మళ్ళీ అదే ‘ఎ’ ఇలా వరుసగా కనబడుతున్నాయంటే అది నూటికి నూరుపాళ్ళూ తెలుగే. ఎందుకో చూద్దాం. ప్రపంచ లిపుల అక్షరాలకు తలా ఒక సంఖ్య ఇచ్చే ప్రమాణం యూనికోడ్. అందులో తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు, ఆ సంఖ్యలను ఫైలులో రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో వాటిలో ప్రతి ఒక్కటీ మూడు బైట్లు తీసుకుంటుంది. ‘తెలుగు’ అన్న మాటలో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అని ఆరు సంకేతాలున్నాయి కాబట్టి అది ఫైలులో 18 బైట్లు. ఆ మూడు బైట్లలో మొదటిది తెలుగు సంకేతాలన్నిటికీ ఒకటే. రెండోది అచ్చులకు, హల్లులకు ఒక విలువ, గుడిదీర్ఘం మొదలుకొని కొమ్ములకు, ఏత్వాలకు, పొల్లుకు ఇంకో విలువ. ఈ ఫైలును పడమటి ఐరోపా భాషల పాత పట్టికతో చదివే సాఫ్ట్‌వేర్ ఆ మూడు బైట్లనూ మూడు వేర్వేరు అక్షరాలుగా చూపిస్తుంది. అందుకే మొదటి బైటు గీత ఉన్న ‘ఎ’గానూ, రెండోది డిగ్రీగానో ప్లస్-మైనస్‌గానో కనిపిస్తాయి.

అంటే ఫైలు చెడలేదు, చదివినవాడు పొరపడ్డాడు. ఇది ఎక్సెల్‌లో సీఎస్‌వీ (గళ్ళను కామాలతో విడదీసి రాసిన పట్టిక) ఫైలును డబుల్ క్లిక్ చేసి తెరిచినప్పుడు తరచుగా జరుగుతుంది. మా వీధి గ్రంథాలయ సభ్యుల జాబితా ఒకసారి ఇలాగే నా చేతికి వచ్చింది. మూడు వందల పైచిలుకు పేర్లు, అన్నీ గీతల ‘ఎ’లతో నిండిపోయి ఉన్నాయి. అదే ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పేర్లన్నీ చక్కగా తెలుగులో కనిపించాయి. మీరూ ముందు ఈ పరీక్షే చేయండి. నోట్‌ప్యాడ్‌లో బాగుంటే, అక్కడే సేవ్ యాజ్ నొక్కి, అడుగున ఉన్న ఎన్‌కోడింగ్ పెట్టెలో ‘యూటీఎఫ్-8 విత్ బీఓఎం’ ఎంచుకుని వేరే పేరుతో భద్రపరచండి. ఆ కొత్త ఫైలు మొదట్లో ఉండే చిన్న గుర్తును చూసి ఎక్సెల్ దాన్ని సరిగా చదువుకుంటుంది. లేదా ఎక్సెల్‌లోనే ఖాళీ షీటు తెరిచి, డేటా మెనూలోని ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ ద్వారా ఫైలును రప్పించి, ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001 అన్న సంఖ్య ఉన్న యూటీఎఫ్-8ను ఎంచుకోవచ్చు. తిరిగి సీఎస్‌వీగా భద్రపరిచేటప్పుడు కూడా మామూలు సీఎస్‌వీని కాకుండా ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ అని విడిగా ఉన్న రకాన్నే ఎంచుకోవాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. చెదిరిన వాక్యాన్ని తెరమీద నుంచి కాపీ చేసి, ఏదో ఒక పరికరంలో అతికించి బాగుచేయవచ్చునని కొందరు అనుకుంటారు. కొంతవరకు వస్తుంది కూడా, కానీ కొమ్ములూ పొల్లులూ రాలిపోయే ప్రమాదం ఉంది. ఉకారపు కొమ్ముకు, పొల్లుకు ఉన్న మూడో బైటుకు ఆ పాత పట్టికలో కంటికి కనిపించే అక్షరమేదీ లేదు, అందువల్ల కాపీ చేసేటప్పుడు అది జారిపోవచ్చు. వత్తులకు ఆధారమైన పొల్లే పోతే ‘అమ్మ’ కాస్తా ‘అమమ’ అవుతుంది. అందువల్ల బాగుచేత ఎప్పుడూ అసలు ఫైలు నుంచే మొదలుపెట్టాలి.

ప్రశ్నార్థకాలది పూర్తిగా వేరే కథ. తెలుగు స్థానంలో వరుసగా ప్రశ్నార్థకాలే ఉండి, నోట్‌ప్యాడ్‌లో తెరిచినా అవే కనబడితే, తెలుగు పట్టని పట్టికలోకి ఎవరో ఆ ఫైలును భద్రపరిచారని అర్థం. ప్రతి అక్షరం స్థానంలో నిజంగానే ఒక ప్రశ్నార్థకం చేరింది. ఏ ఫాంటూ, ఏ కన్వర్టరూ దాన్ని వెనక్కి తేలేవు. అసలు ఫైలు ఎవరి దగ్గర ఉందో వెతకడం, ఈమెయిలులో పంపిన మొదటి ప్రతిని చూడడం, ఫైలు పాత వెర్షన్లు ఉన్నాయేమో చూడడం తప్ప మార్గం లేదు. 2019లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1903 నుంచి నోట్‌ప్యాడ్ తనంతట తానే యూటీఎఫ్-8లో భద్రపరుస్తోంది. అంతకుముందు డిఫాల్టుగా ఆన్సీ అనే పాత పట్టిక ఉండేది, తెలుగు పోతుందని అది ఇచ్చే హెచ్చరికను చదవకుండా ఓకే నొక్కి ఎన్నో రాతలు పోగొట్టుకున్నాం.

ఇక పాత డీటీపీ ఫైళ్ళ సంగతి. పెళ్ళి శుభలేఖలు, కరపత్రాలు, గ్రామ చరిత్రలు, కవితా సంపుటాలు ఏళ్ళ తరబడి పేజ్‌మేకర్‌లో ‘అను’ ఫాంట్ల వంటి వాటితో కూర్చినవే. ఈ ఫాంట్లలో తెలుగు యూనికోడ్ స్థానాలలో ఉండదు. తలకట్లు, కొమ్ములు, వత్తులు, అక్షరాల ముక్కలు ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో, గుర్తుల స్థానాలలో కూర్చుని ఉంటాయి. ఫాంటు ఉన్న యంత్రంలో అది తెలుగు, లేని యంత్రంలో అది ఇంగ్లీషు అక్షరాల కలగాపులగం. గీతల ‘ఎ’ల మాదిరిగా ఇందులో ఒక క్రమమైన వరుస కనబడదు, ఆ తేడాతోనే దీన్ని గుర్తుపట్టవచ్చు. వర్డ్‌లో ఆ వాక్యం మీద కర్సరు పెట్టి పైన ఫాంటు పేరు పెట్టెలో చూడండి. ఫాంటు యంత్రంలో లేకపోయినా దాని పేరు అక్కడ ఉంటుంది.

ఆ పేరు తెలిశాక, ఆ ఫాంటును యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టరు వాడాలి. కన్వర్టరు వెర్షన్ అడిగితే ఊహించి చెప్పకుండా రెండు మూడు వాక్యాలు వేసి చూడండి, సరైన వెర్షన్‌తో మాత్రమే వాక్యం చదవడానికి వస్తుంది. పొలం కాగితాలు, ఆస్తి పంపకాల రాతలు, వైద్యుల చీటీలు ఉన్న ఫైళ్ళను ఊరూపేరూ తెలియని వెబ్‌సైటులో అతికించకండి, వాటికి సొంత యంత్రంలో నడిచే పరికరాన్ని వెతుక్కోండి. మార్పిడి అయ్యాక అచ్చుదిద్దడం తప్పనిసరి. కూర్పరి కంటికి సరిగా కనిపిస్తే చాలనుకుని ముక్కలను ఏ వరుసలో పేర్చాడో కన్వర్టరుకు తెలియదు కాబట్టి, ఒక అక్షరానికి రెండు వత్తులున్న చోట, ఐత్వం ఉన్న చోట, క్రావడి ఉన్న చోట తప్పులు దొర్లుతాయి. ఒక పేజీ గట్టిగా చదివితే ఆ కన్వర్టరు ఏ తప్పులు మళ్ళీ మళ్ళీ చేస్తుందో తెలిసిపోతుంది, ఆ తరువాత ఫైండ్ అండ్ రీప్లేస్‌తో వాటిని ఒక్కసారిగా దిద్దవచ్చు.

అసలు ఫైలు లేక పీడీఎఫ్ మాత్రమే మిగిలితే, దాని నుంచి కాపీ చేసినదాన్ని నమ్మవద్దు. పీడీఎఫ్‌లో అక్షరం బొమ్మ ఉంటుంది గానీ ఆ బొమ్మ ఏ సంకేతానిదో చెప్పే సమాచారం పలుమార్లు అసంపూర్ణంగా ఉంటుంది. అలాంటప్పుడు బొమ్మను చూసి అక్షరాలను గుర్తించే ఓసీఆర్ మేలు. పీడీఎఫ్‌ను గూగుల్ డ్రైవులోకి ఎక్కించి, గూగుల్ డాక్స్‌తో తెరిస్తే అది తెలుగును గుర్తిస్తుంది. సొంత యంత్రంలోనే పని జరగాలనుకునేవారికి టెసెరాక్టు అనే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు డేటా ఉంది.

అక్షరాలు తెలుగులోనే ఉండి, వత్తులు మాత్రం విడిపోయి ‘స్వాగతం’ కాస్తా స, పొల్లు, వ అని విడివిడిగా పడితే, అది లిపిని కుదిర్చే భాగం పని చేయకపోవడం. మన వీధుల్లో ఫ్లెక్సీల మీద ఈ తప్పును చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే దాన్ని దిద్దడానికి పట్టేది ఒక్క నిమిషం. టెక్స్ట్ ఇంజిన్ అమరిక ఉన్న ఫొటోషాప్ వెర్షన్లలో, ప్రిఫరెన్సెస్‌లోని టైప్ విభాగంలో దాన్ని ‘వరల్డ్-రెడీ లేఅవుట్’కు మార్చాలి. కొన్ని పాత వెర్షన్లలో అదే ‘మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్’ అన్న పేరుతో ఉంటుంది. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూ నుంచి వరల్డ్-రెడీ కంపోజర్‌ను ఎంచుకోవాలి. మీరు ఫ్లెక్సీ వేయించేవారైతే, దుకాణంలో మీ ముందే ఈ మార్పు చేయించి, ముద్రణకు పోయే ముందు తెరమీద ప్రతి వత్తునూ చూసుకోండి.

చివరగా, కంటికి బాగానే కనిపిస్తూ వెతికితే దొరకని తెలుగు. దీనికి కారణం చాలాసార్లు సున్న. అనుస్వారపు సున్నకు బదులు తెలుగు అంకెల్లోని సున్నను, కొన్నిసార్లు ఇంగ్లీషు చిన్న ‘ఓ’ను టైపు చేసినవారున్నారు. ‘రంగయ్య’ కోసం వెతికితే అంకె సున్నతో టైపు చేసిన రంగయ్య దొరకడు, మా గ్రంథాలయ జాబితాలో ఒకే మనిషికి రెండు సభ్యత్వాలు వచ్చింది ఇలాగే. అనుమానం ఉన్న సున్నను కాపీ చేసి ఫైండ్ పెట్టెలో వేసి, మీరు స్వయంగా టైపు చేసిన సున్నతో రీప్లేస్ చేయండి. అంకెల్లో తెలుగు సున్నలు వాడిన పత్రమైతే రీప్లేస్ ఆల్ నొక్కకుండా ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్ళండి.

రెండో కారణం కంటికి కనిపించని ఒక సంకేతం. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో ట కింద వ వత్తు పడకుండా పొల్లు విడిగా నిలవాలంటే, రెండింటి మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే సంకేతం ఉండాలి. వర్డ్‌లోనూ లిబ్రే ఆఫీసులోనూ రెండు, సున్న, సున్న, ఇంగ్లీషు ‘సి’ అని టైపు చేసి, వెంటనే ఆల్ట్‌తో పాటు ఎక్స్ నొక్కితే అది పడుతుంది. ఇది మన భాషకు అవసరమైనదే, కానీ ఉండకూడని చోట ఉంటే ఇబ్బందే. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు కుప్పకూలింది ఇలాంటి కూర్పుతోనే. జ, పొల్లు, ఞ తరువాత ఈ సంకేతం, ఆ తరువాత దీర్ఘం ఉన్న ఒక్క ‘జ్ఞా’ను చూపించబోయి ఐఓఎస్ 11.2.5లో యాప్‌లు ఆగిపోయేవి. ఆ సరదా తెలిసినవాళ్ళు దాన్ని తమ పేర్లలో పెట్టుకుని ఇతరుల ఫోన్లు ఆపేశారు. ఆపిల్ ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేసి దాన్ని సరిదిద్దింది. మీ ఫైలులో ఇది అనవసరంగా ఎక్కడైనా దూరిందేమో తెలుసుకోవాలంటే, అనుమానం ఉన్న మాట మీద బాణం మీటతో ఒక్కొక్క అడుగే కదలండి. కర్సరు కదలకుండా ఒకచోట ఆగినట్టు అనిపిస్తే అక్కడ బ్యాక్‌స్పేస్ ఒక్కసారి నొక్కి, అక్షరం మారకపోతే అలాగే వదిలేయండి, వత్తు మారిపోతే కంట్రోల్ జెడ్ నొక్కి దాన్ని తిరిగి తెచ్చుకోండి.